పాటకు మూడు గడువులు

విజయావారి ‘గుండమ్మ కథ’ 1962వ సంవత్సరమున వెలువడినది. అందలి పాటలు పింగళి నాగేంద్రరావుగారు వ్రాసినవి. బాణీలు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కట్టినవి. ఆ పాటలు వినని తెలుగు ఇల్లు అరుదు. కాని వాటికి నేడు యజమాని యెవరని ప్రశ్నించినచో న్యాయవాదియైనను తడబడక సమాధానము చెప్పజాలడు.

మన కాపీరైటు చట్టము ప్రకారము చలనచిత్రమునకును, శబ్దముద్రణమునకును అవి వెలువడిన మఱుసటి యేటి జనవరి మొదలుకొని అఱువదియేండ్ల రక్షణ కలదు. ఆ లెక్కను ఈ చిత్రముమీదను, ఆ యేట వెలువడిన దాని పాటల రికార్డులమీదను హక్కు 2022 డిసెంబరు 31తో తీఱిపోయినది. అయితే పాట యనగా రికార్డొక్కటియే కాదు. పదములకు వేఱు హక్కు. బాణీకి వేఱు హక్కు. ఈ రెండింటి గడువు కర్త మరణించిన మఱుసటి యేటినుండి అఱువదియేండ్లు. నాగేంద్రరావుగారు 1971లో కాలధర్మము నొందిరి గనుక వారి పదములమీది హక్కు 2031 కడవఱకు నిలుచును. ఘంటసాలవారు 1974లో గతించిరి గనుక బాణీమీది హక్కు 2034 కడవఱకు నిలుచును. రికార్డు స్వేచ్ఛను పొందినది. పదములును బాణీయు ఇంకను కట్టుబడియే యున్నవి. రికార్డునకు ప్రతులు తీసికొనవచ్చునుగదాయని సంతసించి యెవరైన దానిని లోకమునకు వినిపింపబూనినచో, పదముల హక్కుదారును, బాణీ హక్కుదారును వచ్చి అడ్డుతగులుటకు అధికారము కలదు.

ఆ హక్కుదారెవరు? కవిగారి వంశీయులని సామాన్యుడు తలచును. చట్టమట్లు తలపదు. నిర్మాత ద్రవ్యమిచ్చి వ్రాయించుకొన్న పాటకు, వేఱు ఒడంబడిక లేనిచో, నిర్మాతయే తొలి యజమానియని సుప్రీముకోర్టు 1977లో తీర్పు చెప్పినది. నిర్మాత ఆ హక్కును రికార్డుల కంపెనీకి ఇచ్చియుండవచ్చును. ఆ కంపెనీ మఱియొక కంపెనీలో కలసియుండవచ్చును. ఒడంబడిక కాగితము మదరాసులో ఏ పాత బీరువాలోనో చెదలకు ఆహారమై యుండవచ్చును. ఒక చిత్రముమాట యట్లుండనిండు, ఆనాటి చిత్రములలో పెక్కింటి పరిస్థితి యిట్టిదే.

ఈ చిక్కు న్యాయశాస్త్ర పండితుల వినోదమునకు మాత్రమే పరిమితమైనచో మనము దీనిని ఇచట ప్రస్తావింప బనిలేదు. కాని నేటి తెలుగువాడు పాటను వినుట నానాటికి చేతిఫోనులోనే జరుగుచున్నది. స్పాటిఫై, యూట్యూబు, జియోసావన్ మొదలగు స్ట్రీమింగు సేవలు వినిపించు ప్రతి పాట వెనుకను ఒక లైసెన్సు ఉన్నది. ఆ లైసెన్సుకు ఒక గడువున్నది, ఒక యెల్ల యున్నది. పూర్వము రికార్డు కొన్నవాడు రికార్డుకు యజమాని. గ్రామఫోను పెట్టె చెడనంతకాలము, ముల్లు అరగనంతకాలము కంపెనీ మూతపడినను అతని పాట అతనిదే. నెలచందా కట్టువాడు కొనుచున్నది పాటను కాదు. ఇతరులు తమలో తాము చేసికొన్న ఒప్పందము నిలిచినంతకాలము వినుటకు అనుమతిని మాత్రమే కొనుచున్నాడు. ఈ భేదము చందా కట్టునాడు ఎవరికిని తోపదు. ఏండ్లతరబడి ఏర్చికూర్చుకొన్న పాటల పట్టికలో ఒకనాటి ఉదయమున సగము పేర్లు బూడిదరంగుకు దిగి, నొక్కినను పలుకకున్నప్పుడు తోచును.

ఇది ఊహాచిత్రము కాదు. స్వీడను దేశపు స్పాటిఫై సంస్థ 2019 ఫిబ్రవరిలో మన దేశమున అడుగుపెట్టినది. ఆ యేప్రిలులోనే సారెగమ కంపెనీ తనకును దానికిని ఒప్పందము కుదరలేదని ఢిల్లీ హైకోర్టు నాశ్రయింపగా, ఆ కంపెనీ పాటలను తొలగింతుమని స్పాటిఫైవారు ఒప్పుకొనిరి. సారెగమ యనగా నెవరో కాదు. పూర్వపు గ్రామఫోను కంపెనీ ఆఫ్ ఇండియా, హెచ్.ఎమ్.వి. కుక్కబొమ్మవారు. దేశభాషలలో పాతపాటలనేకములు వారి కోశమున నున్నవి. 2020 మే నెలలో ఒప్పందము కుదిరినవఱకు, అనగా ఇంచుమించు పదమూడు నెలలు, ఆ సేవలో ఆ కోశమునకు తలుపు మూసియుండినది. 2023 మార్చిలో మఱియొక పెద్ద కంపెనీయగు జీ మ్యూజిక్ పాటలకును అట్టి గతియే పట్టినది. ఈ బేరములలో ఎవరిది న్యాయమో మనము తేల్చజాలము. అంకెలు బయటికి రావు. బేరము కుదరనన్నాళ్లు దండన పొందినవాడు ఆ బేరములో కూర్చుండని శ్రోత యని మాత్రము చెప్పగలము.

ఎల్లలమాట గూడ నొక్కింత చెప్పవలసియున్నది. లైసెన్సులు దేశములవారీగా వ్రాయబడును. విజయవాడలో పలుకు పాట డల్లాసులో పలుకకపోవచ్చును; హైదరాబాదులో చూచు చిత్రము లండనులో ‘మీ దేశమున లభింపదు’ అని మొండిచేయి చూపవచ్చును. సముద్రముదాటి పోయిన తెలుగువారు తమ బిడ్డలకు భాష నేర్పుటకు పాటనే తొలిమెట్టుగా వాడుకొనుచున్నారు. వారికి ఈ యడ్డు కోపముకంటె ఎక్కువగా వింతను గొల్పును. చిత్రముల స్ట్రీమింగు సంగతి యింకను దుర్బలము. ఒక సేవలో రెండేండ్లుండి మాయమై, మఱియొకదానిలో తేలి, తుదకు ఎందును కానరాని చిత్రములున్నవి. ఈ క్రింద చెప్పబోవు శాసనబద్ధమైన లైసెన్సు సౌకర్యము చిత్రములకు బొత్తిగా లేదు గాన ఆ చర్చ నింతటితో వదలి పాటకు వత్తము.

పాట విషయమున ఇట్టి కలహము మనకు క్రొత్త కాదు. 1952లో కేంద్ర సమాచార ప్రసారశాఖను చేపట్టిన బి. వి. కేస్కర్ గారికి సినిమాపాటయనిన గిట్టదు. ఆకాశవాణిలో దాని పాలు తగ్గించిరి. పాటతోబాటు చిత్రము పేరు చెప్పుట ఉచితప్రకటన యగునని దానిని మాన్పించిరి. నిర్మాతలు కినిసి తమ అనుమతులను వెనుకకు తీసికొనిరి. సర్కారు తన గౌరవము నిలుపుకొన్నది, నిర్మాతలు తమ హక్కు నిలుపుకొన్నారు. శ్రోత మీట త్రిప్పి సిలోను రేడియో పట్టుకొన్నాడు. ప్రకటనల ఆదాయము మన దేశమునకు రావలసినది కొలంబోకు పోయినది. 1957 అక్టోబరులో వివిధభారతి పుట్టునంతవఱకు ఈ తంతు సాగినది. నేటి శ్రోతకు సిలోను అక్కఱలేదు. దొంగప్రతుల గూడు అతని అఱచేతిలోనే యున్నది. లైసెన్సు తగవులను దీర్ఘకాలము సాగదీయువారు ఈ సంగతిని మఱవరాదు.

ఇట్టి అనుభవమునుండియే 2012లో పార్లమెంటు కాపీరైటు చట్టమును సవరించుచు 31-డి యను సెక్షనును చేర్చినది. ఎఫ్.ఎమ్. రేడియోలకును రికార్డుల కంపెనీలకును దశాబ్దకాలము జరిగిన వ్యాజ్యములు దానికి పూర్వరంగము. 2010లో కాపీరైటు బోర్డు రేడియోలు తమ నికర ప్రకటనాదాయములో నూటికి రెండు వంతున రికార్డుల కంపెనీలకు చెల్లింపవలెనని నిర్ణయించియుండెను. 31-డి సారాంశమేమన, ప్రసారసంస్థ ముందుగా నోటీసిచ్చి, చట్టరీత్యా నిర్ణయింపబడిన రాయల్టీ చెల్లించి, హక్కుదారు ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను పాటను ప్రసారము చేయవచ్చును. ఆ సెక్షనులో జనులు అంతగా గమనింపని యుపనిబంధన మొకటి కలదు. ప్రసారసమయమున కృతికర్తల పేరులను, ముఖ్యగాయకుల పేరులను ప్రకటింపవలెనట. కేస్కర్ గారు చిత్రము పేరు చెప్పుట మాన్పింపగా, అఱువదియేండ్ల పిమ్మట కర్తల పేర్లను చట్టమే చదువుమన్నది! వివిధభారతి వినుచు పెరిగినవారికి పాటకుముందు కవి పేరు, సంగీతదర్శకుని పేరు వినుట అలవాటు. చేతిఫోను తెరపై గాయకుని పేరు పెద్దక్షరములలో కనబడును. కవి పేరు కొఱకు మూడు మీటలు నొక్కి వెదకవలసియుండును. ఒక్కొక్కచో వెదకినను దొఱకదు.

ఇప్పుడు మూలప్రశ్న. 31-డి రేడియోకు, టెలివిజనుకు మాత్రమేనా, ఇంటర్నెట్టు సేవలకును వర్తించునా? ప్రభుత్వశాఖ 2016 సెప్టెంబరులో ఒక వ్యాఖ్యాపత్రము వెలువరించి, ఇంటర్నెట్టు ప్రసారమును అందు చేరునని చెప్పినది. ఆ పత్రమును నమ్ముకొని ఎయిర్‌టెల్ వారి వింక్ అను సేవ, టిప్స్ కంపెనీతో బేరము చెడినంతట, 31-డి క్రింద నోటీసిచ్చి పాటలను వినిపింపసాగినది. వ్యవహారము బొంబాయి హైకోర్టున కెక్కినది. 2019 ఏప్రిలులో న్యాయమూర్తి కథావాలా గారు తీర్పు చెప్పుచు, యజమాని హక్కును అతని సమ్మతి లేకయే పరిమితము చేయు నిబంధనను సంకుచితముగానే వ్యాఖ్యానింపవలెననియు, శాసనము రేడియో, టెలివిజనులనే పేర్కొన్నదనియు, శ్రోత కోరిన పాటను కోరినప్పుడు వినుటకును, దింపుకొని దాచుకొనుటకును వీలిచ్చు సేవ ప్రసారము కాదనియు నిర్ణయించిరి. ప్రభుత్వ వ్యాఖ్యాపత్రమునకు శాసనబలము లేదని త్రోసివేసిరి. 2022 అక్టోబరులో ద్విసభ్య ధర్మాసనము దానినే స్థిరపఱచినది. గెలిచిన కంపెనీ నేడును ఉన్నది. ఓడిన వింక్ సేవను దాని యజమానులు 2024లో మూసివేయ నిశ్చయించిరి.

ఆ వ్యాజ్యము నడచుచున్న దినములలోనే వింతయైన మఱియొక దృశ్యము కానవచ్చినది. అమెరికాకు చెందిన వార్నర్ చాపెల్ సంస్థ స్పాటిఫైపై బొంబాయిలో దావావేయగా, స్పాటిఫై 31-డి ని శరణుజొచ్చినది. కోర్టువారు ఆఱున్నర కోట్ల రూపాయలు జమకట్టుమనిరి. 2020 జనవరిలో ఇరువురును రాజీపడిరి. మన పల్లెపట్టుల రేడియో శ్రోతకు పాట అందుబాటులో నుండవలెనను నుద్దేశముతో మన పార్లమెంటు చేసిన నిబంధన, అమెరికా కంపెనీతో బేరమాడుటకు స్వీడను కంపెనీకి డాలైనది. ఈ చిత్రమును చూచిన పిమ్మట ‘31-డి ని ఇంటర్నెట్టునకు విస్తరింపుడు’ అను నినాదమును కన్నుమూసికొని సమర్థించుట మనకు సాధ్యము కాకున్నది.

ఆ నినాదము చేయువారి వాదములో పసలేదని కాదు. పార్లమెంటు వాణిజ్య స్థాయీసంఘము 2021లో తన 161వ నివేదికలో ఇట్టి సవరణమునే సిఫారసు చేసినది. కోట్లకొలది శ్రోతలు రేడియో విడిచి ఇంటర్నెట్టునకు పోయినప్పుడు చట్టము రేడియోనే పట్టుకొని వ్రేలాడుట హాస్యాస్పదమే. సర్కారు 2019లో ప్రకటించిన ముసాయిదా నియమములలో రేడియో, టెలివిజను అను మాటలకు బదులుగా అన్నివిధములైన ప్రసారము అను నర్థము వచ్చు మాట యుండినది. 2021లో ఖాయమైన నియమావళిలో ఆ మాట చేరలేదు. నియమములద్వారా చట్టమును సాగదీయుట సరికాదు గాన అది చేరకపోవుటయే మేలు. మార్చవలసినచో పార్లమెంటు మార్చవలెను.

రెండవపక్షమువారి వాదమును బలహీనము కాదు. తన సొత్తును ఎంత వెలకు అమ్మవలెనో, అసలు అమ్మవలెనో అక్కఱలేదో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము యజమానికి సహజము. రేడియోవాడు తన యిష్టము వచ్చిన పాట వేయును. శ్రోత విన్నది వినును. స్ట్రీమింగు సేవలో శ్రోత తన యిష్టము వచ్చిన పాటను ఎన్నిమాఱులైనను వినును; అది రికార్డు కొనుటకు ప్రత్యామ్నాయము. రికార్డు అమ్మకములు ఇంచుమించు అంతరించిన ఈ కాలమున ఆ యొక్క ఆదాయమార్గమును ప్రభుత్వ నిర్ణీతమైన ధరకు అప్పగింపుమనిన కంపెనీ లబలబలాడుటలో వింతలేదు. మన దేశము 2018లో చేరిన అంతర్జాతీయ కాపీరైటు ఒడంబడిక సైతము, కోరినప్పుడు కోరినచోట కృతిని అందుబాటులో నుంచు హక్కును కర్తకు ప్రత్యేకించి చెప్పుచున్నది.

ఇట్లు రెండు సంపన్నపక్షములు యజమాని స్వాతంత్ర్యమనియు, శ్రోత సౌకర్యమనియు పెద్ద మాటలు పలుకుచు పోరాడుచుండగా, పాట వ్రాసినవాడును, బాణీ కట్టినవాడును ఎచట నున్నారు? మన విచారమంతయు ఈ ప్రశ్నను గూర్చియే.

సొమ్ము నడచు దారి నొక్కసారి చూతము. స్ట్రీమింగులో ఒక పాటకు ఇన్ని పైసలని స్థిరమైన వెల లేదు. సాధారణముగా ఒక దేశమున చందాలవలనను, ప్రకటనలవలనను వచ్చిన సొమ్మును ఒక రాశిగా పోసి, అందు కొంత సేవవారు తీసికొని, మిగిలినదానిని ఎవరి పాటలు ఎన్నిమాఱులు మ్రోగినవో ఆ పాళ్లనుబట్టి పంచుదురు. మూడింట రెండువంతులు హక్కుదారులకే పోవునని స్పాటిఫైవారు చెప్పుదురు. కాని మన దేశమున ఆ రాశియే చిన్నది. 2019లో వారు మన దేశమున పెట్టిన నెలచందా 119 రూపాయలు. అదే కాలమున అమెరికాలో 10 డాలర్లకు ఒక సెంటు తక్కువ, అనగా మన చందాకు ఇంచుమించు ఆఱింతలు. మీదుమిక్కిలి మనవారిలో అత్యధికులు చందా కట్టక ప్రకటనలు సహించుచు ఊరక వినువారు. ఆ చిన్న రాశినుండి వచ్చిన పాలు ముందుగా రికార్డుల కంపెనీ చేతికి చేరును. అటనుండి కవికిని, స్వరకర్తకును చేరవలసినది ఎంత?

1977 తీర్పు వెలువడిన కాలమున సమాధానము ‘ఏమియు లేదు’ అనియే. ఆ తీర్పులోనే న్యాయమూర్తి కృష్ణయ్యరుగారు తీర్పునకు అనుబంధముగా నొకమాట వ్రాసి, గాయకునకు తన గానముమీద చట్టరీత్యా ఎట్టి హక్కును లేకుండుటకు వగచిరి. గాయకులకు హక్కు 1994లో దొఱకినది. కవులకును, స్వరకర్తలకును 2012 సవరణము మేలుచేసినది. రాజ్యసభలో జావేద్ అక్తరుగారు అందులకై గట్టిగా వాదించిరి. నాటినుండి చిత్రగీతము సినిమాహాలులో చిత్రముతోబాటు ప్రదర్శింపబడునప్పుడు తప్ప, మఱి యేరూపమున వాడబడినను వచ్చు రాయల్టీలో కర్తకు సమభాగము కలదు. ఆ భాగమును అతడు తానై వ్రాసియిచ్చినను చెల్లదు. అవసరమునకు లొంగి కవి సంతకము పెట్టునని శాసనకర్తలు ఎఱిగి చేసిన కట్టుబాటిది. కర్తల సంఘమగు ఐ.పి.ఆర్.ఎస్. 2017లో తిరిగి రిజిష్టరై వసూళ్లు సాగించుచున్నది. రేడియోలు రికార్డునకు మాత్రమే చెల్లించి పదములకును బాణీకిని వేఱుగా చెల్లింప నక్కఱలేదని వాదింపగా, బొంబాయి హైకోర్టు 2023 ఏప్రిలులో ఆ వాదమును నిరాకరించి కర్తల పక్షము వహించినది.

కాగితముమీద నిది ఘనవిజయమే. అయితే 2012కు పూర్వము వ్రాసి యిచ్చిన హక్కుల గతి యేమి యను ప్రశ్న వివాదగ్రస్తముగనే యున్నది. తెలుగు పాటకు స్వర్ణయుగమని మనము చెప్పుకొను కాలమంతయు 2012కు పూర్వమే కదా! సముద్రాల, పింగళి, ఆత్రేయ, ఆరుద్ర, దాశరథి, వేటూరి వీరందఱును ఆ సవరణమునకు ముందే గతించినవారు. వారి పదములు నేడు చేతిఫోనులలో రేయింబవళ్లు మ్రోగుచున్నవి.

హక్కుల స్పష్టత లేకుండుట ఆప్తుల నడుమ గూడ చిచ్చుపెట్టును. 2017 మార్చిలో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు అమెరికాలో తమ ఏబదియేండ్ల గానోత్సవము జరుపుకొనుచుండగా, అనుమతి లేక తన బాణీలు పాడరాదని ఇళయరాజాగారి తరఫున నోటీసు అందినది. ఇక ఆ పాటలు పాడనని ఆయన ప్రకటింపగా ఇరువురి యభిమానులును ఖిన్నులైరి. ఇళయరాజాగారిని ధనాశాపరుడని నాడు పలువురు నిందించిరి. అది న్యాయము కాదు. స్వరకర్తకు చట్టమిచ్చిన హక్కును అడుగుట పాపమెట్లగును? అనుమతి ఎవరినుండి, ఎంత వెలకు, ఏ కార్యాలయమున పొందవలెనో సభ యేర్పాటు చేసినవారికి ముందే తెలిసియుండినచో, ఆ నోటీసు ఇరువురు మిత్రుల నడుమ రాకపోయెడిది. వారు పిదప కలిసికొనిరి.

ఇట్టి చిక్కులోనే అమెరికా చేసినదేమో చూచుట మనకు ఉపయోగకరము. అచట 2018లో సంగీత చట్టమును నవీకరించిరి. రికార్డుల విషయమున బేరమును పక్షములకే వదలిరి. పదములు, బాణీల విషయమున మాత్రము స్ట్రీమింగు సేవల ప్రతిముద్రణకు సర్వసాధారణమైన లైసెన్సును శాసనము మూలముగా నిచ్చిరి. దానిని నడపుటకు నొక సంస్థ నేర్పఱచి, ఏ పాట ఎవరిదో తెలుపు పట్టికను సర్వజనులకును తెఱచియుంచుమనిరి. 2021 ఫిబ్రవరిలో స్ట్రీమింగు సేవలు ఆ సంస్థకు అప్పగించిన పాత బకాయి 42 కోట్ల 40 లక్షల డాలర్లు! ఆ సొమ్మంతయు ఎవరును ఎగవేసినది కాదు. పాట మ్రోగినది, సొమ్ము వచ్చినది; కర్త యెవరో సరిపోల్చలేక నిలిచిపోయినది. వ్యవహారదక్షతకు పేరొందిన దేశముననే యింత సొమ్ము యజమాని దొఱకక పడియుండగా, ఒడంబడికలు తెల్లకాగితములమీద వ్రాసికొన్న మన చిత్రపరిశ్రమలో ఎంత పడియుండునో ఊహింపవచ్చును. కర్త జాడ తెలియని కృతికి లైసెన్సు కోరుటకు మన చట్టములోను 31-ఎ అను మార్గమున్నది గాని, పత్రికలో ప్రకటన వేసి, దరఖాస్తుపెట్టి, ఒక్కొక్క కృతికి విడివిడిగా తిరుగవలసిన ఆ మార్గము వేలకొలది పాటలకు పనికిరాదు.

కావున 31-డి ని ఇంటర్నెట్టునకు విస్తరింపవలెనా వలదా యను ప్రశ్నకు ఔననియో కాదనియో ముక్తసరిగా చెప్పుట తొందరపాటు. విస్తరించినచో ప్రపంచమున మిక్కిలి బలిసిన కంపెనీలకు సర్కారు ధరకు సరుకు దొఱకును. వారిలో ఒక్కరును తమ లెక్కలు మనకు చూపుటకు బద్ధులు కారు. విస్తరింపనిచో పాటల కోశము నాలుగైదు కంపెనీల యిష్టానిష్టములకు లోబడియుండును. వింక్ వంటి దేశీయసేవలు ఒకదానివెంట నొకటి తలుపులు మూయుచుండును. మనకు తోచినంతవఱకు శాసనసహాయము కోరు సేవపై మూడు షరతులు విధించుట న్యాయము. తగవు నడచుచున్నన్నాళ్లు, కోర్టు నిర్ణయించిన సొమ్ము జమకట్టి, పాట పలుకుచుండవలెను. వార్నర్ వ్యాజ్యమున కోర్టు జమ కట్టించుట ఇట్టిదానికి దారి చూపినది. కవి, స్వరకర్తల పేర్లు గాయకుని పేరుతోబాటు తెరమీద కనబడవలెను. రేడియోకు విధించిన షరతు దీనికేల వలదు? పాటవారీగా ఎన్నిమాఱులు మ్రోగినది, ఎంత చెల్లించినది కర్తల సంఘమునకు లెక్క చూపవలెను.

రికార్డుల కంపెనీలమీదను ఒక బాధ్యత యుంచక తీఱదు. హక్కు నాదని నోటీసులు పంపువాడు ఆ హక్కు నిర్మాతనుండి తనకు ఏ ఒడంబడిక మూలమున, ఏనాడు, ఎంతకాలమునకు సంక్రమించినదో బహిరంగముగా నమోదు చేయవలెను. ‘ఇది వ్యాపారరహస్యము’ అని వారు అడ్డు చెప్పుదురు. వెల రహస్యము కావచ్చును. యజమాని పేరు రహస్యమెట్లగును? సెంటు భూమి కొన్నవాడు రిజిష్ట్రారు కచేరిలో దస్తావేజు చూపుచున్నాడు. అఱువదియేండ్లపాటు కోట్లమంది నోళ్లలో నానుచున్న పాటకు దస్తావేజు అడుగువాడు లేడు. గడువు తీఱిన రికార్డులమీద సైతము యాజమాన్యము చాటుకొని, సామాన్యుని సేవలనుండి తొలగింపజేయుటకు ఇట్టి అంధకారమే అవకాశమిచ్చుచున్నది.

కాపీరైటు కార్యాలయమున రిజిష్టరు చట్టము పుట్టిననాటినుండియు ఉన్నది. కాని అందు నమోదు కర్త యిష్టమునకు వదలివేయబడినది. సినిమాపాటల విషయమున దానిని తిరుగవేసినను ప్రయోజనము స్వల్పము. కర్తల సంఘములు ఏటేట పారదర్శకతా నివేదికను ప్రకటింపవలెనని 2021 నియమములు ఆజ్ఞాపించినవి. ఆ యాజ్ఞ సంఘములతో నిలువక, పాటల కోశములు గల కంపెనీలకును స్ట్రీమింగు సేవలకును వర్తించునట్లు చేయుటకు పార్లమెంటులో పెద్ద పోరాటము అక్కఱలేదు. ముందుగా 1972 మొదలు 2012 వఱకు వెలువడిన చిత్రముల పాటలకు నమోదు జరిపించుట మేలు. రికార్డుల గడువు తీఱక, కర్తల భాగము తేలక, అవి రెండువిధముల చిక్కుపడియున్నవి. మన రెండు తెలుగు రాష్ట్రముల పార్లమెంటు సభ్యులలో చిత్రపరిశ్రమతో సంబంధముగలవారు ఎప్పుడును కొఱతపడలేదు. వారిలో ఒక్కరైనను వచ్చు సమావేశములో వాణిజ్యమంత్రిగారిని అడుగవలసిన ప్రశ్న యిది. ‘గుండమ్మ కథ’ పాటలు నేడు ఫోనులో మ్రోగినప్పుడు పదములపాలు ఎవరి ఖాతాకు చేరుచున్నది? ఆ సంగతి ఏ సర్కారు కచేరిలో వ్రాసియున్నది?